వాగ్దానాలిచ్చే పెట్టె

ఈమధ్య మా సంఘంలో యువకులు ఒక కూటం పెట్టారు. మనిషిలాగే ఆలోచించే యంత్రాలు వచ్చాయట. ఏదడిగినా జవాబు చెబుతాయట, ప్రసంగాలు రాసిపెడతాయట, ప్రార్థనలు కూడా కూర్చి ఇస్తాయట. వాటిని విశ్వాసులు వాడొచ్చా, కూడదా అని చర్చ. పెద్దవాళ్ళలో ఎవరైనా మాట్లాడండి అంటే కొందరు నా వైపు చూశారు. నాకు ఆ యంత్రాల సంగతి తెలియదు. నాకు తెలిసింది ఒక చెక్కపెట్టె. డెబ్బైల్లో, మేం భవానీపురంలో ఉన్నప్పుడు, అది మా చెల్లెలితో మాట్లాడింది. కూటంలో లేచి నిలబడి అంత కథ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి నాకు అక్షరాలు వచ్చి ఎంతో కాలం కాలేదు. తల నెరవడం మొదలుపెట్టాక నేర్చుకున్నాను. మా చర్చి పాస్టరు అయ్యగారి భార్యని మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. ఆవిడే సాయంత్రాలు చర్చి వరండాలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి నేర్పారు. పగలంతా బియ్యం మిల్లులో చెరిగి, ఒంటి నిండా తవుడుతో వెళ్ళి, వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివేదాన్ని. కొత్తగా చదువొచ్చినవాళ్ళకి కనిపించిన ప్రతిదీ చదవాలనిపిస్తుంది. గోడల మీద సినిమా బొమ్మలు, సబ్బు కాగితాలు, రిక్షాల వెనక రాతలు అన్నీ చదివేదాన్ని. చదివినకొద్దీ అనుమానం పెరిగింది. అంతకుముందు ఎవరేం చదివి వినిపిస్తే అదే నిజమనుకునేదాన్ని. చదవడం వచ్చాక, ఇది రాసిందెవరు, ఎందుకు రాశారు అని అడగడం కూడా వచ్చింది. మా చెల్లెలు నవ్వేది. "నీకు చదువు రాలేదే అక్కా, పోలీసు బుద్ధి వచ్చింది" అనేది.

ఆ చెల్లెలికి టీబీ వచ్చింది. దానిది గన్నవరం అవతల పల్లె. మొగుడు మంచివాడే గానీ తల్లి మాట దాటడు. జబ్బు సంగతి తెలియగానే అత్తగారు పిల్లని తన దగ్గర ఉంచుకుని దీన్ని నా దగ్గరికి పంపించేసింది. మనవరాలికి అంటుకుంటుందని ఆవిడ భయం. అందులో తప్పేం లేదు. పెద్దాసుపత్రిలో డాక్టరు కూడా అదే మాట చెప్పాడు. రోజూ ఇంజక్షను చేయించుకోవాలి, మాత్రలు మింగాలి, నయమైందని మేం చెప్పేదాకా పిల్లని దగ్గరికి తీసుకోవద్దు అన్నాడు. పిల్లకి అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి. అది ఎవరిని అమ్మా అని పిలుస్తోందోనన్నదే మా చెల్లెలి బెంగ. జబ్బు మీద బెంగ లేదు దానికి.

ఇంజక్షన్లు మా వీధి చివర కాంపౌండరు చేసేవాడు. చేసిన చోట గట్టిపడి కూర్చోలేకపోయేది. చెవుల్లో హోరు అనేది. అయినా మానలేదు. చలికాలం వచ్చేసరికి దగ్గు తగ్గి, ముఖంలో కాస్త కళ వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ పెట్టె వచ్చింది.

మా సంఘాల్లో కొత్త సంవత్సరం రోజున వాగ్దానం తీసుకోవడం అలవాటు. చిన్న చిన్న అట్టముక్కల మీద బైబిల్లోంచి ఒక్కో వాక్యం రాసి పళ్ళెంలో బోర్లించి పెడతారు. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరూ వెళ్ళి ఒకటి తీసుకుంటారు. ఏది వస్తే ఆ ఏడంతా అదే ప్రభువు నాతో అన్న మాట అనుకుంటారు. మా చర్చిలో పళ్ళెం అమ్మగారు పట్టుకునేవారు. తీసిన వాళ్ళకి చదివి వినిపించి, ముఖం చూసి, దాని అర్థం చెప్పేవారు. చదువు రాని రోజుల్లో నేను ఆవిడ నోటితోనే నా వాగ్దానాలన్నీ విన్నాను. తరవాత ఎప్పుడో గిన్నె అడగడానికి వచ్చినట్టు ఇంటికొచ్చి, "ఆ మాట గుర్తుందా, ఎట్లా ఉన్నావు?" అని అడిగేవారు.

ఆ ఏడు సంఘం పెరిగింది. పళ్ళెం చుట్టూ తోపులాట. అమ్మగారేమో పండగ కాగానే దివిసీమ వైపు పల్లెల్లో ఆడవాళ్ళ కూటాలకి వెళ్ళిపోయే పనిలో ఉన్నారు. మా సంఘంలో ఒకాయనకి గవర్నర్‌పేటలో రేడియోలు బాగుచేసే షాపుంది. రేడియో అన్నయ్యగారు అనేవాళ్ళం. భక్తిపరుడు, నెమ్మదస్తుడు, చేతిలో పనితనం ఉన్నవాడు. పాత రేడియో చెక్కపెట్టెకి నీలంరంగు వేసి, ముందు మీటలు బిగించి, ఒక్కో మీట కింద ఒక్కో మాట రాశాడు: వ్యాధి, కుటుంబం, పని, పిల్లలు, భయం. మనకే కష్టం ఉంటే ఆ మీట నొక్కాలి. లోపల ఎర్రబల్బు వెలుగుతుంది, గుర్రుమని చప్పుడొస్తుంది, కింద సందులోంచి అట్టముక్క జారి పడుతుంది.

"రైల్వే స్టేషన్లో బరువు చూసే మిషను జాతకం చెబుతోంది. జనం నమ్ముతున్నారు. మన మిషను వాక్యం చెబితే తప్పేముంది?" అన్నాడాయన. అయ్యగారు నవ్వి సరేనన్నారు. పెట్టెని వరండాలో ప్లగ్గు దగ్గర బల్ల మీద పెట్టారు. పండగ అయిపోయినా అక్కడే ఉంచారు. ఎవరికి కష్టమొచ్చినా ఎప్పుడైనా వచ్చి నొక్కుకోవచ్చని.

జనం బాగా వచ్చారు. వేరే పేటల నుంచి కూడా వచ్చారు. మా పక్కింటి పిన్నిగారు హిందువులు. పూజ చేసుకుని బొట్టు ఆరకముందే మా గుమ్మంలో కూర్చుని కాఫీ తాగే మనిషి. ఆవిడ అడిగారు, "ఏమమ్మోయ్, కరెంటు పోతే మీ దేవుడు మాట్లాడడా?"

"మీ దేవుడికి మాత్రం దీపం పెట్టొద్దూ?" అంది మా చెల్లెలు.

"పెడతాం. ఆయన మాట్లాడతాడని మాత్రం ఎప్పుడూ అనలేదమ్మా" అని ఆవిడ పకపకా నవ్వారు.

నేనూ వెళ్ళి చూశాను. భయం అన్న మీట నొక్కితే, తోడుగా ఉన్నాను భయపడకు అని వచ్చింది. చదువుకుని సంతోషపడ్డాను. నా వెనకున్న రిక్షా అతను పని అన్న మీట నొక్కాడు. వచ్చింది నచ్చలేదు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి వచ్చింది నచ్చి కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. మొదటి రెండూ బల్ల మీదే వదిలేశాడు. అవి కూడా వాక్యాలే కదా, ఈయన ఎందుకు వద్దన్నాడు? అక్కణ్ణుంచి నాకు ఆ పెట్టెని చూస్తే మనసు కుదుట పడేది కాదు. దానికి ఎదుటి మనిషి ఎవరన్న పట్టింపు లేదు. పళ్ళెం పట్టుకుని అమ్మగారు ఉంటే ఆ రిక్షా అతను రెండోసారి చెయ్యి పెట్టేవాడా?

నేను మిల్లుకి పోయిన ఒక రోజు మా చెల్లెలు ఒక్కతే వెళ్ళి వ్యాధి అన్న మీట నొక్కింది. నీ విశ్వాసమే నిన్ను బాగుచేసింది అన్న మాట వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అది ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, పూలు పెట్టుకుని కూర్చుంది. అట్టముక్క రవికెలోంచి తీసి నా చేతిలో పెట్టింది.

"చదువక్కా. నీకు చదువొచ్చుగా. గట్టిగా చదువు."

చదివాను.

"బాగుచేస్తుంది అని కాదు. బాగుచేసింది. అయిపోయింది. ఇంక ఆ సూది నాకెందుకు?"

"ఒసే, డాక్టరు చెప్పేదాకా..."

"డాక్టరు పెద్దోడా, ప్రభువు పెద్దోడా?"

మర్నాడు కాంపౌండరు దగ్గరికి పోలేదు. మాత్రలు సంచిలో పెట్టి అటక మీద వేసింది. నేను బతిమిలాడాను, తిట్టాను, తిండి మానేశాను. అది మాత్రం కడుపునిండా తిని, "నువ్వు నమ్మకపోతే నీ ఇష్టం. నా నమ్మకం చెడగొట్టకు" అనేది. కొన్నాళ్ళకి దగ్గు మళ్ళీ మొదలైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ధూళి అనేది, పొయ్యి పొగ అనేది. ఒకరోజు దాని బట్టలు ఉతుకుతుంటే కొంగున మరక కనపడింది. తమలపాకు వేసుకునే అలవాటు లేదు దానికి.

ఆ రాతిరే కూర్చుని ట్రంకుపెట్టె సర్దింది. సోమవారం బస్సెక్కి వెళ్ళి పిల్లని తెచ్చుకుంటానంది. అత్తగారు అడిగితే అట్టముక్క చూపిస్తుందట.

దాన్ని ఆపకపోతే పిల్ల ఒళ్ళోకి వస్తుంది. ఆ దగ్గు పిల్ల ముఖం మీద పడుతుంది. ప్రాణం లేని పెట్టె మాట పట్టుకుని పోతావా అన్నాను.

"నువ్వు పళ్ళెంలో తీసుకున్నప్పుడు ఏడ్చావు గుర్తుందా?" అంది చెల్లెలు. "ఆ ఏడు మీ ఆయన పోయాడు. విధవరాలికి నేను దిక్కు అని వచ్చింది నీకు. దేవుడే అన్నాడన్నావు. అదీ అట్టముక్కే. పళ్ళానికి మాత్రం ప్రాణముందా?"

నిజమే. పళ్ళానికీ ప్రాణం లేదు. కానీ పళ్ళాన్ని పట్టుకున్న మనిషికి ఉంది. ఆవిడ నన్ను చూశారు, నా పక్కన కూర్చున్నారు, నెల తిరక్కముందే ఇంటికొచ్చి పొయ్యి వెలుగుతోందా లేదా అని చూసిపోయారు. నా అట్టముక్క నాకిచ్చి వెళ్ళిపోలేదు. చెల్లెలికి వచ్చిన ఆ మాట వాక్యంలో ఎక్కడుందో వెతికి, వేలు పెట్టుకుని పైనుంచి కిందకి మొత్తం చదివాను. అక్కడ ఏళ్ళ తరబడి జబ్బుతో ఉన్న ఒకావిడ వెనకగా వచ్చి ఆయన బట్ట ముట్టుకుంది. ప్రభువు ఆ మాట ఊరికే అనలేదు. అంత గుంపులో ఆగిపోయి, నన్ను ముట్టుకుందెవరు అని వెనక్కి తిరిగి, ఆ మనిషి కనపడేదాకా చూశాడు. ఆమె వచ్చి జరిగిందంతా చెప్పుకున్నాక అన్నాడు. పెట్టె వెనక్కి తిరగలేదు. ఇది నాకు లోపల తెలిసింది గానీ చెల్లెలికి చెప్పబోతే మాటలు ముక్కలైపోయాయి. "నువ్వు చదివి చదివి నాకు లేనివి చెప్పకు" అని పక్కకి తిరిగి పడుకుంది.

అమ్మగారు ఇంకా దివిసీమ వైపే ఉన్నారు. అయ్యగారితో చెబితే, ప్రార్థన చేద్దాం అన్నారు. చేశారు కూడా. కానీ సోమవారం దగ్గరికొస్తోంది. మిల్లులో సెలవడిగి గవర్నర్‌పేట వెళ్ళాను.

రేడియో అన్నయ్యగారు షాపులో ఒక రేడియో బోర్లించి తీగలు అతికిస్తున్నాడు.

"వందనాలండీ అన్నయ్యగారూ."

"వందనాలమ్మా. రా, కూర్చో. చెల్లెమ్మకి స్వస్థత వచ్చిందటగా. మొన్న ఎవరో సాక్ష్యం చెప్పారు. స్తోత్రం."

"ఎవరు చెప్పారండీ? దాని దగ్గు విన్నవాళ్ళేనా?"

ఆయన చేతిలో పని ఆపాడు. జరిగింది చెప్పాను. మొత్తం విని, అద్దాలు తుడుచుకుని, "నేనేం సొంతంగా రాయలేదమ్మా. అన్నీ వాక్యంలో ఉన్న మాటలే. మందులు మానెయ్యమని ఏ చీటీలోనూ లేదు" అన్నాడు.

"లేదండీ. కానీ దానికి అట్లా వినపడింది."

"వినేవాళ్ళకి ఎట్లా వినపడితే దానికి పెట్టేం చేస్తుంది?"

"పెట్టేం చేయదండీ. అందుకే మీ దగ్గరికొచ్చాను."

ఆయన ముఖం చిన్నబోయింది. ఆ పెట్టె అంటే ఆయనకి బిడ్డతో సమానం. దాన్ని తప్పు పడుతున్నానని బాధపడ్డాడు. ఇంటికొకసారి రండి, ఒక్కసారి చూసి పోండి అన్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక వస్తానన్నాడు. వస్తాడని నాకు నమ్మకం లేదు.

వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. మా చెల్లెలు ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది, పొద్దున్నే బస్సని. ఆయన్ని చూసి చటుక్కున లేచింది, సంతోషంతో.

"వందనాలన్నయ్యగారూ! మీ పెట్టె నోట ప్రభువు నాతో మాట్లాడాడు. మీ చేతులు దీవించబడాలి."

ఆయనకి కూడా సంతోషం వేసింది. పీట మీద కూర్చున్నాడు. ఏదో అనబోయాడు. అప్పుడు దానికి దగ్గు తెర వచ్చింది. గోడ వైపు తిరిగి, వంగిపోయి, కొంగు కుక్కుకుని దగ్గింది. ఆగలేదు. ఆయన బత్తాయిల సంచి చేత్తో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. దగ్గు ఆగాక అది కొంగు మడిచి దాచుకోవడం ఆయన చూశాడు.

నేనన్నాను, "అన్నయ్యగారూ, పెట్టె చెప్పిన మాట ఇప్పుడు మీ నోటితో చెప్పండి. మందులు మానెయ్యమ్మా, రేపు వెళ్ళి పిల్లని తెచ్చుకో, అనండి. మీరంటే నేను అడ్డం రాను."

"అట్లా నేనెట్లా చెబుతానమ్మా?"

"పెట్టె చెప్పింది కదన్నయ్యగారూ" అంది చెల్లెలు.

"పెట్టెకేం తెలుసు తల్లీ! దానికి నీ దగ్గు వినపడదు." ఆయన పీట ముందుకి జరుపుకున్నాడు. "లోపలేం లేదమ్మా. మీట వెనక చీట్లు దొంతరగా పెట్టాను. మోటారు తిరిగితే అడుగున ఉన్న చీటీ బయటికి వస్తుంది. అంతే. నీ ముందు నొక్కిన మనిషి ఇంకోసారి నొక్కి ఉంటే ఇది ఆయనకి వచ్చేది."

మా చెల్లెలు మొండిది గానీ తెలివితక్కువది కాదు.

"పూర్వం భక్తులు చీట్లు వేసి దేవుడి చిత్తం తెలుసుకోలేదా అన్నయ్యగారూ? ఆ చీట్లు మాత్రం ఆయన కాదూ నడిపించింది? మీ మోటారుని నడిపించలేడా?"

ఆయన నా వైపు చూశాడు. అదన్నదాంట్లో తప్పు నాకూ కనపడలేదు. పెట్టె గుట్టు తెలిస్తే దాని భ్రమ పోతుందనుకున్నాను. పోలేదు.

"నడిపించగలడమ్మా" అన్నాడాయన చివరికి. "ఆయన నడిపించాడో లేదో నాకు తెలియదు."

"చేసింది మీరేగా?"

"చేసింది నేనే."

"అయితే ఒక్క మాట చెప్పండి. నేను వెళ్ళి పిల్లని ఎత్తుకుంటాను. రేపు దానికేదన్నా అయితే, ప్రభువు అడిగిన రోజున, నా పెట్టె చెబితేనే ఎత్తుకుంది అని మీరొచ్చి నా పక్కన నిలబడతారా?"

నిష్ఠూరంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. పక్కింటి పిన్నిగారి రేడియోలో ఏదో పాట.

"నిలబడలేనమ్మా" అన్నాడు. "నాకా ధైర్యం లేదు."

మా చెల్లెలు ట్రంకుపెట్టె మీద కూర్చుంది. మూత మీద చేత్తో ధూళి లేకపోయినా తుడిచింది.

"చేసినవాళ్ళు నిలబడలేనంటున్నారు. పెట్టె ఎటూ రాదు. ఇంక మిగిలింది నేనొక్కదాన్నే కదక్కా."

కాసేపటికి అదే అడిగింది, "రేపు కాంపౌండరు ఉంటాడా?"

"ఉండకపోతే నేను స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకెళ్తాను" అన్నాడాయన. అంటూనే కళ్ళు తుడుచుకున్నాడు. బత్తాయిల సంచి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. నేనే తీసుకున్నాను.

పెద్దాసుపత్రిలో డాక్టరు నన్నూ దాన్నీ కలిపి తిట్టాడు. మధ్యలో మానేసినందుకు మందు పనిచేయడం కష్టం, మొదట్నుంచీ మొదలుపెట్టాలి అన్నాడు. మళ్ళీ సూదులు, మళ్ళీ చెవుల్లో హోరు. అది ఏ రోజూ మానలేదు. అట్టముక్కని పారేయనూ లేదు. "ఆ మాట అబద్ధం కాదక్కా, నాకింకా రాలేదంతే" అనేది. రేడియో అన్నయ్యగారు షాపు కట్టేసి ఇంటికి పోతూ మా గుమ్మం దగ్గర స్కూటరు ఆపేవాడు. "దగ్గు ఎట్లా ఉందమ్మా?" అని అడిగి, అది చెప్పేదాకా ఇంజను ఆపి ఉంచేవాడు.

ఆ వారంలోనే ఆయన పెట్టె తీగ పీకేశాడు. జనం సణిగారు. దేవుడి మాటకి తాళం వేశారన్నారు. అమ్మగారు పల్లెల నుంచి వచ్చి సంగతి విని, "పెట్టె ఉంటే ఉండనివ్వండి. కానీ దాని పక్కన ఒక మనిషి కూర్చోవాలి. చీటీ పుచ్చుకున్న ప్రతి ఇంటికీ ఆ మనిషి వెళ్ళాలి. ఎవరు కూర్చుంటారు?" అని అడిగారు. ఎవరూ ముందుకి రాలేదు. మరుసటి ఏడు పళ్ళెమే వచ్చింది. తోపులాటా వచ్చింది.

చాలాకాలానికి డాక్టరు ఇంక పర్లేదన్నాడు. మా మరిది పిల్లని తీసుకొచ్చాడు. పిల్ల మొదట వాళ్ళమ్మని గుర్తుపట్టక తండ్రి కాళ్ళ వెనక నక్కింది. సాయంత్రానికి ఒళ్ళో నిద్రపోయింది. మా చెల్లెలు కదిలితే లేస్తుందేమోనని అన్నం కూడా తినకుండా అట్లాగే కూర్చుంది.

ఆదివారం అందరం చర్చికి వెళ్ళాం. వరండాలో మూల ఆ నీలంరంగు పెట్టె పాత దుప్పటి కప్పుకుని ఉంది. పిల్ల పరిగెత్తుకెళ్ళి దుప్పటి లాగింది. మీటలు కనపడగానే నొక్కబోయింది.

తీగ పీకేశారని నాకు తెలుసు. లోపల చీట్లు తీసేశారని కూడా తెలుసు. అయినా వెళ్ళి పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.